మూడో మలుపు దాటినంక

పద్మారావు నగర్‌లో మా పై వాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ అన్న, చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో ఎక్కిన దయ్యాల రైలును కంప్యూటర్‌లో మళ్లీ కడుతుండేవాడు. పట్టాలు, అస్థిపంజరం, ఒక కోర ఊడిన రాక్షసి, అన్నీ కుదిరాయి. మూడో మలుపు తర్వాతే ఖాళీ. కనిపించినవాళ్లనల్లా ఆపి, "మూడో మలుపు దాటినంక ఏముంటుండె?" అని అడిగేవాడు. అందరి జవాబూ ఒకటే: "ఏమో, కళ్లు మూసుకున్నం."

ఏదో ఒక దయ్యాన్ని పెట్టెయ్యమన్నాను. "అట్ల పెడితే అబద్ధమైతది" అని కసిరాడు.

చివరికి ఆ రైలు నడిపిన తాత మోండా మార్కెట్‌లో నిమ్మకాయలమ్ముతూ దొరికాడు. అన్న ప్రశ్నకు పడీ పడీ నవ్వాడు. "ఆడ ఏం లేకుండె బిడ్డా. ఉత్త చీకటే. మీరే భయపడి ఒర్రెటోళ్లు."

అన్న ఆ చీకటిని అలాగే ఉంచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రైలు నడిపాడు. మూడో మలుపు దాటగానే అతనివైపు చూశాను. మౌస్ వదిలేసి, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.