రాయి లేని దేశానికి

మూడో ఫారంలో లెక్కల అయ్యవారు నన్ను లేపి నిలబెట్టి, నువ్వు బడికి పనికిరావు పో అన్నారు. పెద్దల మాట కాదనడం మర్యాద కాదని ఆ పూటే ఇంటికి వచ్చేశాను. ఆయన చలవ వల్ల మదనపల్లెలో సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టుకుని చక్రాల మధ్యనే పెద్దవాణ్ణయ్యాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో చదువు తక్కువ, గ్రీజు ఎక్కువ.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం సంగతి ఇది. అంతకు ముందు కొన్నేళ్లు కొత్త టైరన్నది కంటికి కనబడలేదు. పాత టైరు లోపల అంతకంటే పాత టైరు ముక్క పెట్టి కుట్టి, ఆ కుట్టు మీద ఇంకో కుట్టు వేసి జనం నెట్టుకొచ్చారు. మళ్లీ టైర్లు దిగడం మొదలయ్యాక నా అంగడిలో కూర్చునే ఇద్దరు పెద్దమనుషులకు లేనిపోని ధైర్యం వచ్చింది.

ఒకాయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి పని విరమించిన క్రైస్తవుడు. మందు కొలిచినట్టే మాట కూడా కొలిచి పోసేవాడు, చుక్క ఎక్కువ పడదు. రెండో ఆయన పుంగనూరు అవతల పల్లెలో వేరుశెనగ పండించే రైతు, అరవై ఏళ్ల మనిషి. ఆయన్ను నేను మామా అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. ఆయన వయసుకూ నా ఎగతాళికీ కలిపి కుదిరే వరస అదొక్కటే.

ఒకరోజు మామ ఉన్నట్టుండి అన్నాడు: "అల్లుడా, నా సేన్లో కాసిన సెనక్కాయలు నలభై ఏండ్లుగా రైలెక్కి సముద్రం కాడికి పోతాండాయి. నేను మాత్రం కుప్పం టేసను దాటింది లేదు."

అంతే. విత్తనం పడింది. కాంపౌండరు వయసులో ఉన్నప్పుడు నాగపట్నంలో రెండేళ్లు పనిచేశాడు. మరుసటి ఆదివారం ప్రార్థన గుడి నుంచి నేరుగా వచ్చి, నా బల్ల మీద కాగితం పరిచి, సముద్రం గట్టునంతా పెన్సిలుతో గీసి చూపించాడు. తుపాన్లు వెళ్లిపోయి ఎండలు ముదరక ముందు బయలుదేరాలి. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఒక్క పగటిలో తొక్కాలి. అక్కడ సైకిళ్లను రైలు సామాన్ల పెట్టెలో, అదే బ్రేకు పెట్టెలో, వేసి మద్రాసు. ఆ తరువాత ఎడమచేతి పక్క సముద్రాన్ని పెట్టుకుని మహాబలిపురం, పాండిచ్చేరి, కడలూరు మీదుగా నాగపట్నం. పాండిచ్చేరి పొలిమేరలో ఫ్రెంచివాళ్లు మూటలు విప్పి సోదా చేస్తారట. మా మూటల్లో వేయించిన రాగిపిండి, టింక్చరు సీసా, నా రెంచీలు తప్ప ఏముంటాయి, రాగిపిండి చూసి వాళ్లే భయపడతారు అన్నాను. కాంపౌండరు నవ్వలేదు. ఆయన నవ్వు కూడా డాక్టరు చీటీ రాసిస్తేనే.

అసలు చిక్కు వేరే ఉంది. మామకు సైకిలు తొక్కడం బాగా వచ్చు. ఎక్కడమే రాదు.

యాభై అయిదో ఏట నేర్చుకున్న విద్య అది. ఇంటి ముందున్న బండ మీద నిలబడి, సైకిలును ఎద్దును నిలబెట్టినట్టు పక్కన నిలబెట్టుకుని, కాలు అటు వేసి కూర్చుని, బండను తన్ని బయలుదేరేవాడు. ఎక్కాడంటే ఇక గాలే. దిగితే మళ్లీ ఎక్కడానికి ఇంకో రాయి కావాలి. మా సీమలో దానికేం కరువు? వాన కురిపించడం మరిచిపోయిన చోటల్లా దేవుడు రాళ్లు కురిపించాడు. పుంగనూరు దారిలో ఏ మోరీ కల్వర్టు గోడ ఎత్తు సరిపోతుందో, ఏ మైలురాయి పొట్టిదో ఆయనకు కంఠతా వచ్చు. ఎంత దాహమేసినా రాయి కనబడేదాకా దిగడు. ఒకసారి వియ్యంకుడు ఎదురై పలకరిస్తే, రాయి కాడికి రా మాట్లాడదాం అని కేకేస్తూ దాటిపోయాడు.

కాంపౌండరు ఈ సంగతి ఎరుగును. పెన్సిలు కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"అన్నా, ఆడ రాళ్లు ఉండవు."

మామ నా వైపు చూశాడు, ఇది నా వేళాకోళమేమో అని. "రాళ్లు లేకుండా భూమి యాడన్నా ఉంటాదా?"

"ఇసకన్నా. మైళ్లకు మైళ్లు ఇసకే."

"రాళ్లు లేకుంటే సేనికి గట్టు ఏంతో పెడతారప్పా?"

మట్టితో అని కాంపౌండరు చెప్పాడు. రాళ్లేరడంలోనే సగం ఆయుస్సు పోయిన మనిషికి రాయి లేని పొలం ఉందంటే నమ్మకం ఎలా కుదురుతుంది? కాంపౌండరు మాత్రం మొత్తం మోతాదు పోసేశాడు. ఇసకలో చక్రం దిగబడి పూటకు ఇరవై సార్లు దిగాలి, ఇరవై సార్లు ఎక్కాలి. మన వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది, అలా విరిగినవాళ్లు మంచం దిగకపోవడం ఆసుపత్రిలో కళ్లారా చూశాను, ఊరు కాని ఊళ్లో నిన్ను ఎవరు మోస్తారు అన్నాడు. ఎక్కడం రానివాణ్ణి వెంట తీసుకుపోనని తేల్చేశాడు.

మామ ముఖం వాడిపోయింది. నేను ఊరుకోవాలి కదా. ఊరుకుంటే నేనెందుకవుతాను? టైర్లు వచ్చిన చెక్కపెట్టె విరగ్గొట్టి ఒక పీట చేశాను. దానికి తాడు కట్టి, తాడు కొస హ్యాండిలుకు కట్టాను. పీట మీదికెక్కి, సైకిలెక్కి, కదిలాక బావిలో చేద లాగినట్టు పీటను పైకి లాగి కొక్కేనికి తగిలించుకోవడమే, నీ రాయి నీ వెంటే వస్తుంది మామా అన్నాను. నవ్వుకోవడానికి చేసిన పీట అది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా భుజం తట్టి, పట్టుకుపోయాడు.

మూడోనాడు కబురొచ్చింది. సంతకు పోయే జనం మధ్యలో మామ పీట మీంచి ఎక్కి, తాడు లాగాడు. పీట ఊగి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. సైకిలు ఆగింది, మామ ఆగలేదు. గడ్డం చీలింది, మోకాలు వాచింది. కుట్లు వేసింది కాంపౌండరే.

మరునాడు మామ పెద్దకొడుకు నా అంగడికి వచ్చాడు. గొంతు పెంచలేదు. విరిగిన పీట నా బల్ల మీద పెట్టి, "నువ్వు నగేదానికి మా నాయనే దొరికినాడా?" అని అడిగాడు. సైకిలు గదిలో పెట్టి తాళం వేశాడట.  

పది రోజులాగి, తప్పు ఒప్పుకుందామని వాళ్ల పల్లెకు వెళ్లాను. గడ్డానికి పట్టీతోనే మామ బావి దగ్గర కపిల తోలుతున్నాడు. తెలియనివాళ్లకు చెప్పాలి. కపిలలో ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి నడుస్తుంటే, మోకు అనే లావుపాటి తాడు లాగబడి, బావిలోంచి తోలుబాన నీళ్లతో పైకొస్తుంది. తోలే మనిషి ఊరికే వెంట నడవడు. ఎద్దులు కదిలాక, సాగుతున్న మోకు మీద పక్కగా ఎగిరి కూర్చుని, తన బరువు కూడా కలుపుతూ కిందిదాకా పోతాడు. అక్కడ దిగి ఎద్దులను మళ్లీ వెనక్కు పైకి నడిపిస్తాడు. పొద్దంతా అదే పని.

నేను బాటలో నిలబడి, మామా, నాది బుద్ధి తక్కువ పని అని మొదలుపెట్టాను. ఆయన నా మాటే వింటూ, కిందికి కూడా చూడకుండా, కదిలే మోకు మీదికి ఎగిరి కూర్చుని నా ముందు నుంచి సాగిపోయాడు. నా క్షమాపణ సగంలో ఆగిపోయింది.

"మామా, ఇప్పుడు నువ్వెక్కినావే, మోకు కింద రాయి యాడుండాది?"

మామ మోకును చూశాడు, నన్ను చూశాడు. "మోకు కదుల్తాంటాది గదరా."

"మరి సైకిలును ఎందుకు నిలబెట్టి ఎక్కుతావు?"

ఆయన ఎద్దులను పైకి తోలుకొచ్చి, రెండోసారి తన కాలును తానే గమనిస్తూ ఎక్కాడు. గమనించినందుకు ఈసారి జారబోయాడు కూడా. బాన తొట్టిలోకి ఒలికాక కొడుకును పిలిచి తాళంచెవి అడిగాడు. "కుప్పం దాకా ఒక్క రాయి మీద కాలు పెట్టకుండా పోతా. పెడితే ఆడ్నుంచే వెనక్కొచ్చి సైకిలు నీ చేతికిస్తా."

కొడుకు నా వైపు చాలాసేపు చూశాడు. తాళంచెవి ఇచ్చేముందు ఒకే షరతు పెట్టాడు: కుప్పం చేరేదాకా ఈయప్ప ఎగతాళి మాని నోరు మూసుకోవాల.

శెనక్కాయ పంట ఇంటికి చేరింది కాబట్టి కళ్లం ఖాళీగా ఉంది. పేడతో అలికిన గట్టినేల, చుట్టూ తిరగడానికి అనువు. మూడు వారాలు ఆ కళ్లమే మా బడి. ఈసారి నేనే అయ్యవారిని. ఎడమకాలు పెడలు మీద, కుడికాలితో నేలను తన్నుకుంటూ పరుగు, సైకిలు మోకులా సాగాక కాలు అటు వేయడం. మొదట పంచె గొలుసులో పడింది. గోచీ బిగించాడు. ఒక్క పెడలు మీద కళ్లం చుట్టూ తిరగడం నాలుగు రోజుల్లో వచ్చింది. కుడికాలు అటు పోవడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆయన ఎద్దులకు పెట్టినట్టే సైకిలుకు కూతపెట్టి అదిలించేవాడు. అది విని కూడా నేను నవ్వలేదు. నాలుక కొరుక్కుని కొరుక్కుని అన్నం తినడమే కష్టమైంది. శెనక్కాయలు చెరుగుతూ మా అత్త వరసైన ఆయన భార్య మాత్రం ఒకసారి అంది, సముద్రం యాడికీ పోదులే, నిదానంగా నేర్సుకో అని.

బయలుదేరిన రోజు తెల్లవారుతుండగా నా అంగడి ముందు కాంపౌండరు తల వంచి చిన్న ప్రార్థన చేశాడు. మూటలు కట్టుకునే బయలుదేరాం. గెలిస్తే రైలు, లేకపోతే ఇల్లు. పుంగనూరు దగ్గర మామ కొడుకు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. మామ ఆగకుండా పోవచ్చు. కావాలని దిగి, చెంబెడు నీళ్లు తాగి, కొడుకు ముందే నాలుగడుగులు పరుగెత్తి ఎక్కాడు. కొడుకు తండ్రి ముఖం చూడలేదు, కాళ్లనే చూశాడు.

పలమనేరులో రాగి సంగటి తిన్నాం. కుప్పం ఇంకా ఎనిమిది మైళ్లుందనగా కాంపౌండరు సైకిలు వెనక టైరులో తుమ్మముల్లు దిగింది. నేను ట్యూబు విప్పి అతికేదాకా మామ నేల మీద కూర్చున్నాడు. పక్కనే బల్లపరుపు బండ ఉన్నా కూర్చోలేదు. లేచేసరికి మోకాళ్లు పట్టేశాయి. మొదటిసారి పాదం జారి పిక్క గీసుకుపోయింది. రెండోసారి ఆయన కింద, సైకిలు పైన. లేపబోతే చెయ్యి విదిలించాడు.

రోడ్డు పక్కన మైలురాయి ఉంది. ఆయన కోసమే కొలిచి పాతినట్టుంది దాని ఎత్తు. ముగ్గురం దాన్ని చూశాం. అప్పుడు కాంపౌండరు, ఎక్కడం రానివాణ్ణి తీసుకుపోనన్న ఆ మనిషే, గొంతు సవరించుకున్నాడు. "నేను రోంతసేపు ప్రార్థన సేసుకుంటాను. కండ్లు మూసుకుంటే నాకేం కనపడదు." ఆయన చేతిలో కొలతగ్లాసు ఒలకడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మామ తుండుతో మోకాళ్లు రుద్దుకున్నాడు.

"కండ్లు తెరువప్పా. నువ్వు సూడాల."

సైకిలును వెనక్కు తిప్పి, మేము దిగివచ్చిన ఏటవాలు మీదికి, ఎద్దులను పైకి నడిపించినట్టే, ఒక్కో అడుగూ వేసుకుంటూ పైదాకా తీసుకుపోయాడు. అక్కడ తిరిగి నిలబడ్డాడు. కూత పెట్టాడు. పరుగు, ఎడమకాలు, సైకిలు సాగడం, కుడికాలు. మా ముందు నుంచి సర్రున పోయాడు. ఆగలేదు. ఆగుతాడని చూస్తూ నిలబడ్డ మేమే మూటలు సర్దుకుని వెంటపడాల్సి వచ్చింది.

కుప్పం స్టేషనులో దీపాలు పెట్టే వేళకు చేరాం. మామ సైకిలును గోడకు ఆనించి, "ఇంక నగు అల్లుడా" అన్నాడు. పొద్దుటి నుంచి దాచుకున్న వేళాకోళాలు ఎన్నో ఉన్నాయి. నోరు తెరిచాను. అన్నీ దారిలోనే పాసిపోయినట్టున్నాయి, ఒక్కటీ రాలేదు. కాంపౌండరు టికెట్ల కిటికీ దగ్గర నిలబడి, తెల్లారి బండికి మూడు సైకిళ్లు బ్రేకు పెట్టెలో వేయాలని చెబుతున్నాడు. మూడు అన్న మాట రెండుసార్లు అన్నాడు.

ప్లాట్‌ఫారం చివర శెనక్కాయ మూటలు కొండలా పేర్చి ఉన్నాయి. మామ కుంటుకుంటూ పోయి, ఒక మూట మీద చెయ్యి వేసి, ఇవి ఎప్పుడు పోతాయని అక్కడి కూలీని అడిగాడు. గూడ్సు ఎల్లుండి వస్తుందన్నాడతను.

మామ మూటను తట్టాడు. "అయితే ఈతూరి నేనే ముందు."