మీటరు మావయ్య ఇంటిబండి

పాత మినీబస్సుల్ని ఇళ్లుగా మార్చుకుని తిరిగేవాళ్లకు బ్యాటరీ మొరాయిస్తే ఆ పేటలో ఒకే ఒక్క దిక్కు మీటరు మావయ్య. వోల్టులు చూపించే పసుపుపచ్చ మీటరు ఎప్పుడూ ఆయన మెడలో తాడుకు వేలాడుతూ ఉండేది. పెళ్లి ఫోటోలో కూడా అది ఉందని ఆయన భార్య అందరితో చెప్పేది. అది శుద్ధ అబద్ధం. అయినా నమ్మనివాళ్లు లేరు.

ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు అందర్నీ కిందికి దింపేసేవాడు. మనుషులుంటే మీటరు సిగ్గుపడుతుందనేవాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి.

అలాంటి మనిషికి సొంత బండే ఎదురు తిరిగింది.

రెండేళ్లు తంటాలుపడి ఒక మినీబస్సులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు అమర్చుకున్నాడు. అంతా భార్య కోసమే. ఆమె దర్జీ. సముద్రపు ఒడ్డున ఉండే అక్కను చూసి ఆరేళ్లయింది. దారిలో ఆగుతూ వెళ్లి రావడానికి నెలన్నర పడుతుంది. అన్నాళ్లకూ ఆమెకు సరిపడా ఇన్సులిను ఎండాకాలంలో చల్లగా ఉండాలి. ఫ్రిజ్జు ఒక్కరోజు ఆగినా తాను రానని ఆమె ముందే తేల్చి చెప్పింది. ప్రయాణం శుక్రవారం.

ఆదివారం పరీక్షకని ఫ్రిజ్జులో మందుకు బదులు నీళ్ల సీసాలు పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండిలో తిరిగి వచ్చారు. ఆమె ఒక సీసా తీసి చేతిమీద ఒంపుకుని, ఈ వేడి స్నానానికి సరిగ్గా సరిపోతుందంది.

బండిలో బ్యాటరీలు రెండు. ఒకటి ఇంజనుది, రెండోది ఇంటిది. బండి నడుస్తున్నంతసేపూ ఇంజను రెండింటినీ ఛార్జి చెయ్యాలి. ఇంటి బ్యాటరీ, దాని ఫ్యూజు కూర్చునే బల్ల కింద పెట్టెలో ఉన్నాయి. సోమవారం ఆయన బల్ల పైచెక్క ఎత్తి, ఇంజను వేసి, మీటరు పెట్టాడు. పద్నాలుగు పాయింటు ఒకటి. నిక్షేపంలా ఎక్కుతోంది. అయినా రెండు బ్యాటరీలనూ కలిపే రిలే మార్చాడు, ఫ్యూజు మార్చాడు. మంగళవారం ఇద్దరూ మళ్లీ తిరిగొచ్చారు. ఫ్రిజ్జు మళ్లీ చచ్చింది. బుధవారం కొత్త బ్యాటరీయే తెచ్చి పెట్టాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి, ఆ సాయంత్రానికే అదీ నీరసపడింది.

ఎదురు కొట్లో టైర్ల ఆసామి ఊరుకుంటాడా? "మావయ్యా, తెలిసిన మంచి ఎలక్ట్రీషియను ఎవరైనా ఉంటే చూపించుకోరాదూ?" అన్నాడు. మావయ్య అన్నం సయించని ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె బండిలో కూర్చుని, బల్ల మీద వేసే పరుపుకు చివరి అంచు కుడుతోంది. అసలు మీరు చూసే తీరేమిటో చూపించండి అంది. ఆయన ఆమెను కిందికి దింపి, ఇంజను వేసి, చెక్క ఎత్తి, మీటరు చూపించాడు. పద్నాలుగు పాయింటు ఒకటి.

ఆమె దారం కొరికి తెంపింది. "చొక్కా హేంగరుకి తగిలించి చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుందండీ. మనిషి తొడుక్కుని చెయ్యెత్తితేగా ఎక్కడ పట్టేస్తోందో తెలిసేది. బండి నడిచేటప్పుడు ఆ బల్ల మీద కూర్చునేది ఎవరు? నేను. మీరు నన్ను దింపేసి చూస్తారు."

ఆయన బ్యాటరీ నుంచి రెండు పొడుగాటి తీగలు బయటికి లాగి మీటరుకు కలిపాడు. చెక్క మూసి, కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. పన్నెండు పాయింటు మూడు, ఛార్జి ఆగిపోయింది. లేచింది. పద్నాలుగు పాయింటు ఒకటి. కూర్చో, లే, కూర్చో, లే. నాలుగోసారికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"అంటే తప్పు నా బరువుదంటారా?"

"తప్పు చెక్కది, ఆ తర్వాత నాది. నువ్వు కూర్చోకపోతే ఈ జన్మలో దొరికేది కాదే."

చెక్క కిందికి వంగి, ఇంజను నుంచి ఫ్యూజు దగ్గరికొచ్చే ఎర్ర తీగను నొక్కుతోంది. లోపల సగం ఊడిన అతుకు అప్పుడు విడిపోతోంది. చెక్క ఎత్తగానే మళ్లీ అతుక్కుంటోంది. ఆయన తీగ చివర కోసి కొత్త అతుకు వేశాడు. ఫ్యూజును పక్కగోడకు మార్చాడు. చెక్క కింద అడ్డపట్టీ బిగించాడు. ఆమె కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసింది. మీటరు కదల్లేదు. అదీ చాలలేదు మావయ్యకు. టైర్ల ఆసామిని పిలుచుకొచ్చి కూర్చోబెట్టాడు. పేటలో అంతకన్నా బరువైన మనిషి లేడు. అప్పుడు కూడా పద్నాలుగు పాయింటు ఒకటే.

శుక్రవారం తెల్లారగానే ఇన్సులిను ఫ్రిజ్జులోకి చేరింది, ఆమె బల్ల మీదికి చేరింది. పన్నెండో రోజున అక్క ఆ ఫ్రిజ్జులో చెయ్యి పెట్టి, చల్లదనానికి ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది. చెల్లెలు గొప్పగా మొగుడి వైపు చూసింది. మొగుడు ఆమె కూర్చున్న బల్ల వైపు చూపించాడు.

ఆ తర్వాత ఆయన ఏ బండినీ ఖాళీగా కొలవలేదు. ముసలివాళ్లు, పిల్లలు, కుక్కతో సహా ఎవరి చోట వాళ్లు కూర్చుంటేనే మీటరు తీసేవాడు. ఇప్పుడు ఆయన లేడు. మీటరు ఆమె కుట్టుమిషను పక్కన మేకుకు వేలాడుతోంది. తెలియక ఇంకా ఎవరో ఒకరు బండి తెచ్చి గుమ్మం ముందు ఆపుతుంటారు. ఆమె పాదం మిషను మీంచి తియ్యకుండానే అడుగుతుంది: "అందరూ ఎక్కి కూర్చునే చూశారా?"