కపిల ఎద్దులూ నా తొంభైమూడూ

నాలుగో ఫారంలో నాకు అర్థం కాని లెక్క ఒక్కటే అంటే అబద్ధం. కానీ నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం విలోమం. ఒక సంఖ్యను మూడుతో గుణించి ఐదు కలిపితే ఇరవైఆరు వచ్చింది, ఆ సంఖ్య ఏది? అని అయ్యవారు బోర్డు మీద రాసేవాడు. "వచ్చిన దారినే వెనక్కి పోవాల. చివర చేసిందాన్ని ముందు పట్టుకోవాల. అంతే" అనేవాడు. అంతేనట! సంఖ్యకు కాళ్ళున్నాయా, రావడానికీ పోవడానికీ? క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. లేచి అడగాలంటే చచ్చేంత సిగ్గు. తెలిసినట్టు తలూపి కూర్చునేదాన్ని.

మా ఊరు కల్లూరు అవతల. అక్కడినుంచి రోజూ కర్నూలు బడికి నడిచి పోయేదాన్ని. మూడో ఫారం దాటిన ఆడపిల్ల మా ఊళ్ళో ఇంకెవరూ లేరు. అమ్మకు నా చదువు ఇష్టం లేదు. నాయన ఎలాగో ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. "అరపరీక్షలో ఏ ఒక్కటి తప్పినా పుస్తకాలు అటక మీద పెట్టేయాల. మల్ల ఏడ్సకూడదు." సరేనన్నాను. అనడానికేం, ఎవరైనా అంటారు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు నాయనకు సద్ది తీసుకుని బావి దగ్గరికి పోయాను. ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిల తోలుతున్నాడు. ఎద్దులు మోకు లాగుతూ వాలుబాటలో కిందికి నడిస్తే, నీళ్ళ బాన పైకొచ్చి కాలువలో కుమ్మరిస్తుంది. ఆ తర్వాత ఎద్దుల్ని తిప్పరు. మొగం అటే ఉంచి వెనక్కి నడిపిస్తారు, బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం అట్లాగే నిలబడిపోయాను. వచ్చిన దారినే వెనక్కి! విలోమం నాకు అర్థమైపోయిందని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

పరీక్షలో అచ్చం అదే లెక్క వచ్చింది. చివర కలిపింది ఐదు కాబట్టి ముందు ఐదునే పట్టుకున్నాను. ఎద్దులు మొగం తిప్పవు కదా, అందుకని కలపడాన్ని కలపడంగానే ఉంచాను. ఇరవైఆరుకు ఐదు కలిపితే ముప్పైఒకటి. దాన్ని మూడుతో గుణిస్తే తొంభైమూడు. కింద రెండు గీతలు కూడా కొట్టాను. అలాంటివే మరో మూడు లెక్కలు అదే ధైర్యంతో చేశాను.

పేపర్లు ఇచ్చేరోజు అయ్యవారు నా తొంభైమూడును అందరికీ చదివి వినిపించాడు. క్లాసంతా నవ్వింది. లెక్కల్లో తప్పాను. ఎందుకు తప్పో కూడా తెలియలేదు, అదీ నా ఉక్రోషం.

ఇంటికి పోకుండా తిన్నగా బావి దగ్గరికే పోయాను. నాయనకు చదువు రాదు. పేపరు చేతిలో పెట్టి "తప్పినా నాయనా" అన్నాను.

కపిల ఆపి గట్టు మీద కూర్చున్నాడు. "ఏం తప్పు చేస్తివి? చెప్పు."

ఎద్దులు, మొగం, తొంభైమూడు, అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఎద్దుల వైపు చెయ్యి చూపించాడు.

"మొగం ఆపక్కే ఉంటాదిమ్మా, నిజమే. మరి చేసే పని ఒకటేనా? పోయేటప్పుడు మోకు లాగుతాయి. వచ్చేటప్పుడు వదుల్తాయి. రెండుసార్లూ లాగితే బాన బాయిలోకి యాడ దిగుతాది?"

నా బుర్రలో ఏదో కదిలి మళ్ళీ ఆగిపోయింది. అయితే ఐదు తీసేయాలా? మరి మూడును ఏం చెయ్యాలి? ఇప్పటికీ ఆ లెక్క ఎదురైతే ఒక క్షణం తికమక పడతాను. కానీ ఆ సాయంత్రం నా భయం లెక్క గురించి కాదు.

"పుస్తకాలు అటక మీద పెట్టేదా?" అని అడిగాను.

నాయన లేచి పేపరు నాకిచ్చి మోకు పట్టుకున్నాడు.

"ముందుకు పోయేది ఏ ఎద్దుకైనా వస్తాది. వెనక్కి నడిచేది నేర్పేకి ఈ జతతో నాకు రెండేండ్లు పట్టె. రాలేదని కొట్టంలో కట్టేసింటే వచ్చేదా?" అంటూ ఎద్దుల్ని అదిలించాడు. "పొద్దున్నే లేసి బడికి పో."