అత్త పట్టిన కాటుక మసి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి బలైంది జగ్గయ్యపేటలో ఉండే మా మేనత్త, పాపం.

మా అక్క కూతురి బారసాలకు ఆవిడ కాటుక పట్టింది. నేను వెళ్లేసరికే ఆముదం దీపం వెలుగుతోంది, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించి ఉంది. పళ్లానికి పట్టిన మసి గీస్తుంటే రెండు చెంచాలు అడిగి డబ్బాలో పోయించుకుని యూనివర్సిటీకి పట్టుకెళ్లాను.

నా పరిశోధన కార్బన్ నానో కణాల మీద. మసిని యాసిడ్‌లో మరిగించి, కడిగి, వడకడితే కంటికి ఆనని కణాలు మిగులుతాయి. వాటిని నీళ్లలో కలిపి అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా వెలుగుతాయి. నీళ్లలో ఇనుము ఉంటే ఆ వెలుగు తగ్గుతుంది. బోరు నీళ్లను చౌకగా పరీక్షించుకోవచ్చని మా ఆశ. అత్త మసి వెలిగినంత బాగా అంతకుముందు నేను చేసినవేవీ వెలగలేదు. ఇనుము ఎక్కువగా ఉండే చిల్లకల్లు ఊరి బోరు నీళ్లు కాసిని కలపగానే మసకబారింది. ఆ సాయంత్రం నందిగామలో మా ఇంటికి వెళ్లే బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

మసి అయిపోయాక ల్యాబ్‌లో నేనే ఆముదం పోసి, బజారులో కొన్న వత్తితో దీపం పెట్టి మసి పట్టాను. దాంతో చేసిన కణాలు సరిగా వెలగలేదు. నాలుగుసార్లు చేసినా అంతే. మా గైడ్ గారు మెత్తగానే చెప్పారు.

"మళ్లీ రాని ఫలితాన్ని థీసిస్‌లో పెట్టలేమమ్మా. నెలాఖరుకి రాకపోతే ఆ అధ్యాయం తీసేద్దాం."

నా మూడేళ్ల పనికి దక్కిన ఫలితమంతా ఆ అధ్యాయమే. ఆ మంట అత్త మీద చూపించాను. ఫోన్ చేసి, "అందులో ఏం కలిపావత్తా? నీ మూలంగా నా చదువు పోయేట్టుంది" అన్నాను.

"నేనేం కలపలేదే తల్లీ" అంది.

ఆదివారం బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాను. అత్త ముఖం చిన్నబోయి ఉంది. తప్పయిందని చెప్పడానికి నోరు రాక, "నా ముందు మళ్లీ పట్టి చూపించు" అన్నాను. ఆవిడ పెరట్లోకెళ్లి గుంటగలగరాకు కోసుకొచ్చి దంచింది. ఆ రసంలో తెల్లగుడ్డ ముంచి తీగ మీద ఆరేసింది.

"ఇదెందుకత్తా?"

"వత్తికి."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? ఆకు రసం పట్టించకుండా కాటుకెవరు పడతారే?"

బారసాల నాడు నా నోట్‌బుక్‌లో మాత్రం 'నూలు వత్తి' అని ఒక్క ముక్క రాసుకున్నాను. వత్తి వంక చూస్తే కదా! గుడ్డ ఆరేదాకా అత్త పెసరట్లు పోసి పెట్టింది. సిగ్గుపడుతూనే నాలుగు తిన్నాను.

మర్నాడు ల్యాబ్‌కి పట్టుకెళ్లి చూస్తే ఆ మసి వెలిగింది. ఆకు రసం పట్టించిన వత్తితో ల్యాబ్‌లో నేను పట్టిందీ వెలిగింది. ఆకులోని నత్రజని కణాల్లో చేరుతోందని తర్వాతి పరీక్షల్లో తెలిసింది. అధ్యాయం నిలబడింది.

ఆరు నెలలకు థీసిస్ అచ్చయ్యాక అత్తకు పట్టుకెళ్లి, ఈ పద్ధతి మా మేనత్త దగ్గర నేర్చుకున్నదని రాసిన వాక్యం చదివి వినిపించాను. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంది కానీ పుస్తకం అందుకోలేదు.

"అయితే నా మూలంగా నీ చదువు పోలేదుగా?" అంది.

ఫోన్‌లో నేనన్న మాట ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చేతులు పట్టుకుని, "నీ మూలంగానే వచ్చిందత్తా. ఆ రోజు అలా అనడం నాదే తప్పు" అన్నాను.