గడప అవతలి గుడ్డు

మొన్న మా ఉదయగిరి గ్రంథాలయంలో వానలకు చెమ్మ పట్టిన పుస్తకాలను వరండాలో పరిచి ఆరబెడుతుంటే నేనూ వెళ్లి సాయం పట్టాను. అక్కడ నా అంత పాత పాఠకురాలు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అలాంటి పనులకు పిలవకపోయినా వెళతాను. అట్టలు తుడుస్తూ ఉండగా, ఇంట్లో రోగులకు చేయవలసిన సేవల గురించిన నీలం అట్ట పుస్తకం చేతికి వచ్చింది. నేను తెరవలేదు, అదే తెరుచుకుంది. తుంటి ఎముక విరిగిన ముసలివాళ్లను ఎలా పడుకోబెట్టాలో చెప్పే పేజీని ఒకప్పుడు నేను అన్నిసార్లు పరిచి పెట్టుకున్నాను మరి. వాక్యాల కింద నా పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి. పుస్తకం మూసేసి వెళ్లి మెట్ల మీద నీడలో కూర్చున్నాను. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి "ఏందక్కా, ఎండ తగిలిందా?" అంది. ఎండేనన్నాను.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. పెళ్లయి ఈ ఊరు వచ్చేటప్పటికి మా ఆయనకు బజారులో కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. పొట్లాలు కట్టే పాత పత్రికలు చదవడంతో మొదలుపెట్టాను. సగం చదివిన కథ ఎవరింటికో పావుకిలో బెల్లంతో పాటు వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆ బాధ పడలేక గ్రంథాలయంలో చేరాను. వేరుశనగ తెగుళ్ల నుంచి గ్రహణాల దాకా చేతికందింది చదివాను. కొన్నాళ్లకు బిడ్డకు జ్వరమొచ్చినా, మల్లెతీగ ఎండినా వీధిలో ఆడవాళ్లు నన్ను అడగడం మొదలుపెట్టారు. అడగనివాళ్లకు కూడా నేను చెప్పడం మొదలుపెట్టాను. మా అత్తకు అక్షరం రాదు. నలభై ఏళ్ల పాటు మా వీధిలో పుట్టిన బిడ్డలందరికీ కాళ్ల మీద వేసుకుని స్నానం పోసిన మనిషి ఆమె. నేను పుస్తకం పట్టుకుని ఏదైనా చెప్పబోతే వక్క నములుతూ వినేది, విన్నాక ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం ఓటమి ఒప్పుకోవడమే అనుకునేదాన్ని.

పిల్లి మాది కాదు, కొట్టుది. ఎలుకల కోసం తెచ్చుకున్న కూన, బూడిద రంగు మీద నల్ల చారలు. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. అది పాలు తాగే వయసులో ఉన్నప్పటి నుంచీ అత్త మాత్రం "ముసల్దానా" అని పిలిచేది. పదమూడేళ్లు బియ్యం మూటల దొంతర పైన పడుకుని, కొట్టుకు వచ్చినవాళ్లందరినీ తన దగ్గరికే ఏదో విన్నవించుకోవడానికి వచ్చినట్టు చూసింది. ఒక మధ్యాహ్నం ఆ దొంతరలో పై మూట జారి, కింద నడుస్తున్న పిల్లి నడుము మీద పడింది. పొద్దున లారీ నుంచి దించినప్పుడు ఆ మూటను పైన పెట్టింది మా ఆయనే, కాస్త వంకరగా. ఈ సంగతి ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ వంకర ఎంతో చేతులతో చూపించేవారు.

ఊళ్లో పశువుల డాక్టరు చూసి నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. తమలపాకుల బుట్టలో పడుకోబెట్టి బస్సులో తీసుకువెళ్లాం. తొడ ఎముక పైనుండే గుండు ముక్కలైందనీ, దాన్ని తీసేయడం ఒక్కటే దారనీ అక్కడి డాక్టరు చెప్పి ఆపరేషను చేశాడు. పంపేటప్పుడు నన్ను కూర్చోబెట్టి, మూడో రోజు నుంచి కాలు మెల్లగా వంచి చాపమన్నాడు, కొద్దికొద్దిగా నడిపించమన్నాడు. ఇంత దూరం మళ్లీ రాకుండా ఆత్మకూరులో రిటైరైన కాంపౌండరు ఒకాయన ఉన్నాడు, కుట్లు ఆయన దగ్గర తీయించుకోమన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. మనసులో మాత్రం ఈయన వయసులో చిన్నవాడు, తొందర మనిషి అనుకున్నాను. ఎముక కోసి మూడో రోజున నడిపించడమేమిటి? ఇంటికి రాగానే గ్రంథాలయానికి పరుగెత్తాను. తుంటి విరిగినవాళ్లను ఆరు వారాలు కదలనివ్వకూడదని నీలం అట్ట పుస్తకంలో ఉంది. అచ్చులో ఉంది. అచ్చులో ఉన్నదానికీ నోటితో చెప్పినదానికీ తేడా వస్తే నేను ఎటుంటానో వేరే చెప్పక్కర్లేదు.

కొట్లో ఖాళీ టీపొడి పెట్టె ఒకటుంటే లోపల పాత చీరలు పరిచి, పైన తడిక కట్టి, పిల్లిని అందులో పెట్టాను. నిలబడితే తల తగిలేంత ఎత్తు. అన్నం చేత్తో పెట్టాను. గుడ్డలు పూటపూటకూ మార్చాను. సేవలో ఏ లోటూ చేయలేదు. మొదటి పది రోజులూ అది లేవాలని చూసింది. తల తడికకు కొట్టుకునేది, మళ్లీ లేచేది. నేను చెయ్యి పెట్టి అణిచి పడుకోబెట్టేదాన్ని. అత్త ఒకసారి వచ్చి తొంగిచూసి, "మే, బిడ్డనైనా గొడ్డునైనా అన్నాళ్లు కదలకుండా పండబెడితే కాళ్లు పట్టుకపోతాయి" అంది. పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించాను. వక్క నములుతూ వెళ్లిపోయింది. రెండు వారాలు దాటాక పిల్లి లేవడం మానేసింది. బుద్ధి తెచ్చుకుంది, నయమవుతోంది అనుకున్నాను.

మధ్యలో కుట్లు తీయించడానికి ఆత్మకూరు వెళ్లాను. బస్టాండు వెనక ఒక గదిలో కాంపౌండరు కుక్కలకూ మేకలకూ కట్లు కడుతుంటాడు. కుట్లు తీస్తూ తల ఎత్తకుండానే "కాలు ఆడిస్తా ఉండారా అమ్మా?" అని అడిగాడు. "ఆడిస్తా ఉండాను సార్" అన్నాను. పుస్తకం సంగతి చెబితే నవ్వుతాడేమోనని భయం. ఆ భయంతో చెప్పిన ఒక్క మాట పిల్లిని ఇంకో నెల పెట్టెలో ఉంచింది.

ఆరు వారాలు పూర్తయిన రోజున తలస్నానం చేసి, అత్తనూ మా ఆయననూ పిలిచి, పెట్టె పక్కకు వంచి తడిక తీశాను. పిల్లి ముందు కాళ్లు బయటికి వచ్చాయి. వెనక సగం రాలేదు. ఆపరేషను చేసిన కాలు కట్టెలా బిగుసుకుపోయి చాచుకుని ఉంది. తొడ పట్టుకుంటే వేళ్లకు ఎముకే తగిలింది. బాగున్న కాలు కూడా బరువు మోయలేక పక్కకు ఒరిగింది. అలాగే కడప బండల మీద తనను తాను ఈడ్చుకుంటూ మూటల దొంతర దాకా పోయి, పైకి చూసి, అక్కడే తల వాల్చింది. "ఆ మూట పెట్టిన చేతులు విరిగిపోనూ" అని మా ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు. అప్పుడు చెప్పాల్సింది. నేను వంగి తడిక తీసి పక్కన పెట్టాను.

మర్నాడు ఒక్కదాన్నే బుట్ట పట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. కాంపౌండరు ఆ కాలు రెండు వేళ్లతో పట్టుకుని చూసి, తర్వాత నా ముఖం చూశాడు.

"మీరు ఆడించలా."

పుస్తకం సంగతి చెప్పాను. ఎముక అతుక్కోవాలి కదా అన్నాను.

"అతుక్కోడానికి ఆడ ఏముండాదమ్మా? గుండు కోసి తీసేసినారు. ఎముక లేని చోట కండే కీలు మాదిరిగా తయారవ్వాల. తిప్పతా ఉంటేనే అయ్యేది. మీరు చదివింది మనుషులది, అదీ ఎముక ఉండేవాళ్లది."

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వేడి కాపడం పెట్టి వంచి చాపమన్నాడు, నిలబెట్టమన్నాడు. పెరుగన్నంతో కండ రాదు, గుడ్డో మాంసమో పెట్టమన్నాడు. "ఒక నెల చూడండి. అప్పటికీ ఈడస్తానే ఉంటే ఒళ్లు ఒరుసుకపోయి పుండ్లు పడతాయి, పురుగు పడతాది. అంత దాకా ఉంచబాకండి. తీసుకొచ్చేస్తే ఒక సూదేస్తాను, దానికి తెలీదు" అన్నాడు. తిరుగు బస్సులో బుట్ట మూత ఎత్తి చూశాను. అది నన్నే చూస్తోంది. నన్ను నమ్మినట్టే చూస్తోంది.

నెల గడువు సంగతి ఇంట్లో చెప్పాను. తప్పు ఎవరిదో చెప్పలేదు. రోజుకు మూడు పూటలా, పూటకు పదిసార్లు వంచాలని కాగితం మీద గళ్లు గీసి గోడకు అంటించాను. గీయడం వరకే నా చేతనైంది. కాలు పట్టుకోగానే అది అరిచేది, కరిచేది. ఆ అరుపు వినబడినప్పుడల్లా కొట్లో మా ఆయన తూకం మధ్యలో ఆగిపోయేవారు. వారం తిరిగేసరికి నా రెండు చేతులకూ గుడ్డలు కట్టి ఉన్నాయి, గోడ మీద గళ్లు ఖాళీగా ఉన్నాయి.

ఎనిమిదో రోజున అత్త పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. "నువ్వు బోయి చదువుకో. దాన్ని ఇట్ట తే" అంది. కాళ్లు బారచాపి, పసిబిడ్డను వేసుకున్నట్టే పిల్లిని రెండు కాళ్ల మధ్య బోర్లా వేసుకుంది. నడుము నుంచి కిందికి మాత్రమే గోరువెచ్చటి నీళ్లు సన్నటి ధారగా నా చేత పోయించింది. రెండు బొటనవేళ్లతో తొడ వెంట పైకీ కిందికీ రాసింది. కండ వదులైందని వేళ్లకు తెలిశాక, పాదం పట్టుకుని మోకాలిని పొట్ట దాకా మడిచి, అక్కడ ఆగి, మెల్లగా వదిలింది. పిల్లి గోళ్లు ఆమె చీరలో దిగాయి. "ఓసి ముసల్దానా, నీకంటే నా మోకాళ్లు పాతవి, గమ్మునుండు" అంది. చివర్లో బిడ్డల అలవాటు కొద్దీ ముక్కు కొన కూడా నొక్కి సరిచేయబోతే అప్పుడు మాత్రం రక్కింది. నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. నెల్లూరు డాక్టరు చెప్పింది ఇదే.

"పెట్టెలో పెట్టిన రోజే గట్టిగా చెప్పకూడదా అత్తా?"

"చెప్పినాను. నువ్వు బుక్కు చూపించినావు."

బండలు జారుతున్నాయని గోనె పట్టాలు పరిచాం. పాత పంచె చింపి, ఆ పట్టీని పిల్లి పొట్ట కింద నుంచి పోనిచ్చి, వెనక భాగం కాస్త ఎత్తి పట్టుకుని దాని వెనకే నడుము వంచి నడిచేదాన్ని. కొట్టుకు చింతపండు కోసం వచ్చిన ఎదురింటావిడ చూసి, "ఏమక్కా, పిల్లిని గూడా బడికి తోల్తా ఉండావా?" అంది. "తోలినా మా ఇంట్లో ఏడో తరగతి దాకానేలే" అన్నాను. అందరం నవ్వాం. అది మాత్రం నాలుగు అడుగులకే చతికిలబడింది.

గుడ్డు సంగతే ఎటూ తేలలేదు. మా ఇంట్లోకి గుడ్డు వచ్చింది లేదు. అత్త రెండు రోజులు ఆలోచించి, "పెరటి గడప అవతల పెట్టు. నేను ఆ పక్కకు చూడను" అంది. గడప అవతల మూడు ఇటుకలు పెట్టి, విడిగా ఒక ముంతలో ఉడికించి అక్కడే పెట్టేదాన్ని. పిల్లిని ఎత్తుకుని దాటించేదాన్ని, తిన్నాక ఎత్తుకుని లోపలికి తెచ్చేదాన్ని. మా పెరటి గడప పాతకాలం నాటి చెక్క, జానెడు ఎత్తు. మూడో వారానికి తొడ మీద కాస్త కండ చేతికి తగిలింది. పట్టీ ఉంటే పది లెక్కపెట్టేదాకా నిలబడేది. పట్టీ వదిలితే పడేది. నాలుగో వారంలో తుంటి పక్కన చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడింది. దాన్ని మొదట చూసింది మా ఆయన. అటక మీద నుంచి తమలపాకుల బుట్ట దించి, దుమ్ము దులిపి, పెరటి తలుపు దగ్గర పెట్టారు. రేపు పొద్దున బస్సుకు తానే తీసుకుపోతానన్నారు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక చెప్పాను. మూడో రోజు నుంచి నడిపించమని డాక్టరు చెప్పాడనీ, నేనే పెట్టెలో పెట్టాననీ, కాంపౌండరు అడిగితే అబద్ధమాడాననీ అంతా చెప్పాను. ఆయన తాళాలగుత్తి చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"బుక్కు చదివినావు, తప్పు బోయినావు. దానికేం లేదు. మూడు నెలల నుంచీ నా మూట వల్లేనని నేను అనుకుంటా ఉండానే. చూస్తానే ఉండావు గదా."

నాకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

పొద్దున చివరిసారి అనుకుని గుడ్డు ఉడికించి గడప అవతల పెట్టాను. బుట్టలో గుడ్డ పరవడానికి లోపలికి వచ్చాను. పిల్లిని ఎత్తుకుందామని తిరిగేసరికి అది గోనె పట్టా మీద లేదు. గడప దగ్గర ఉంది. వాసన పట్టి తనే ఈడ్చుకుంటూ వచ్చింది. ముందు కాళ్లు గడప అవతల వేసింది. ఆగింది. బాగున్న వెనక కాలు పైకి లాగి, చెక్క మీద ఆనించి, అవతలికి దించింది. రెండో కాలు రాలేదు. గడప మీద మోకాలి దగ్గర తట్టుకుని వేలాడింది. నేను ముందుకు వంగాను.

"పట్టుకోబాక" అంది అత్త. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు వచ్చి పట్టుకుందో తెలియదు.

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి మా వెనక ఆగిపోయారు. పిల్లి ఒళ్లంతా వణికింది. ఒకసారి లాగింది, రాలేదు. తల తిప్పి ఆ కాలిని తనది కానట్టు చూసింది. మళ్లీ లాగింది. తొడ మీద కొత్త కండ తాడులా బిగుసుకోవడం కనిపించింది. మోకాలు మడిచింది, కాలు జారి అవతలికి పడింది. పడ్డ కాలి మీదే, పక్కకు ఒరిగి, నిలబడింది. నిలబడి గుడ్డు తింది. అత్త గడప అవతలికి చూస్తూనే ఉంది.

బుట్ట మళ్లీ అటకెక్కింది. మర్నాడు అత్త మినప్పప్పు నానబోసి గారెలు వండింది, బిడ్డ మొదటిసారి గడప దాటినప్పుడు ఇళ్లల్లో చేసినట్టే. పంచిపెడితే, మనవడా మనవరాలా అని అడిగింది ఎదురింటావిడ. అత్త ఏం చెప్పిందో నాకు తెలియదు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. మూటలు మళ్లీ ఎక్కలేదు. కింద గోనె మీద కూర్చుని పైకి చూసేది. మా ఆయన చూసి, ఒక్కోసారి ఎత్తి పైన పెట్టేవారు. నాతో మాటలు మామూలే అయ్యాయి, ఆ సాయంత్రం గురించి తప్ప. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అది నిద్రలోనే పోయింది. నేను చదివిన చరిత్రల్లో నూరేళ్లు ఒక పేరాలో అయిపోతాయి, చదవడానికి ఆవలింత సేపు కూడా పట్టదు. నా బతుకులో అన్నిటికంటే పొడుగైన కాలం ఏదంటే మాత్రం, మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడి ఉండగా ఒక ముసలి పిల్లి కాలు మా పెరటి గడప మీద ఆగిన ఆ కాసేపే.