గాలి పోటు తగ్గిన ఏళ్లు

మా నాన్నని ఆఫీసులో పాదరసం అని పిలిచేవాళ్లు. చేతికి చిక్కడనో, మింగితే చస్తామనో నాకు తెలియదు. రెండూ నిజమే. వాతావరణ కేంద్రంలో పొద్దుటి పూట గాలి బరువు కొలిచే బారోమీటరు చూడటం ఆయన పని. సాయంత్రం పూట చూసేది మా మేనమామ. బావా బావమరుదులిద్దరూ ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్లు.

సముద్రానికున్నట్టే గాలికీ ఆటుపోట్లుంటాయి. దాని బరువు పొద్దున పెరిగి సాయంత్రానికి తగ్గుతుంది. మా కేంద్రంలో ఆ తేడా ఏటికేడాదీ చిక్కిపోతూ వచ్చింది. చుట్టుపక్కల కేంద్రాల్లో అలా లేదు. ఎవరో తప్పుగా చూస్తున్నారని, వాళ్లని తీసేస్తామని పైఆఫీసు హెచ్చరించింది. నాన్న తడుముకోకుండా మామయ్య పేరు చెప్పాడు, కునికిపాట్లు పడుతూ చూస్తాడట. తమ్ముడికి అన్యాయం చేయొద్దని అమ్మ కాళ్లావేళ్లా పడినా వినలేదు.

ఒకరోజు ఆయన మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకుని పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాను. బారోమీటరుకి చిన్న థర్మామీటరు తగిలించి ఉంటుంది. వేడికి బారోమీటరులోని పాదరసం ఉబ్బుతుంది కాబట్టి, అది ఎంత వేడి చూపిస్తే గాలి బరువులోంచి అంత ఎక్కువ తీసేయాలి. ఒంటి వేడి సోకకముందే, అన్నిటికంటే ముందు థర్మామీటరు చూడాలని మాకు అన్నాల దగ్గర పాఠం చెప్పిన మనిషి, పాదరసం మట్టం కంటికి ఆనక గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాతే థర్మామీటరు చూశాడు. కళ్లజోడు ముసలివాళ్లకని ఏళ్ల తరబడి మొండికేసిన ఘటం మరి. ఆయన ఊపిరికి థర్మామీటరు ఎక్కేది, పొద్దుటి లెక్క పడిపోయేది. గాలి పోటు ఎప్పటిలాగే ఉంది. ఏటికేడాదీ తగ్గింది ఆయన చూపు.

“నాన్నా, థర్మామీటరు కదా ముందు చూడాలి?” అన్నాను.

“నోరు మూసుకుని ఇంటికి పో,” అన్నాడు. తప్పెవరిదో ఆయనకీ తెలిసిపోయిందని ఆయన మొహమే చెప్పింది. అయినా పైఆఫీసుకి నిజం చెప్పలేదు.

మామయ్యని తీసేశారు. రెండు పూటలూ నాన్నకే అప్పగించారు. రెండు పూటలా ఒకే తప్పు పడేసరికి తేడా మళ్లీ మామూలైపోయింది. దొంగ దొరికాడని పైఆఫీసు మెచ్చుకుంటే నాన్న మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు. నాకు ఒళ్లు మండి అమ్మకి అంతా చెప్పేశాను.

అమ్మ ఆయనకి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“మీకు కళ్లు ఆనక మా తమ్ముడి పొట్ట కొట్టారు,” అంది.

నాన్న అన్నం కలుపుకున్నాడు. ఉప్పేదని అడిగాడు. ఉప్పు ఆయన కంచం పక్కనే ఉంది.