ఏడో గడిలో దువ్వెన

కార్వేటినగరం చెంగల్రాయుడికి ముప్పయ్యొక్కేళ్లు వచ్చేదాకా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పే శ్రమ కలగలేదు. ఆకలేస్తోందా అని అడిగినా, జ్వరం తగ్గిందా అని అడిగినా, చెప్పేది వాళ్లమ్మ దేవకమ్మే. బుద్ధి ఎదగని కొడుక్కు నోరు కూడా తానేనని ఆమె నమ్మకం. ఊరిదీ అదే.

2001లో అతన్ని తిరుపతిలో ఒక శిక్షణ కేంద్రంలో చేర్చారు. అక్కడ ఒక్కొక్కరికీ విడిగా ఏడాది ప్రణాళిక రాస్తారు. టీచరు ప్రసన్నకుమారి, దేవకమ్మ, అన్న రఘునాథ్, చెంగల్రాయుడు కలిసి సభ తీరారు. గుండీలు పెట్టుకోవడం, బస్సు నంబరు గుర్తుపట్టడం వంటి తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. ప్రణాళిక కాగితంలో ఏడో గడి వచ్చింది: అతనికేం కావాలి?

"మంచి బుద్ధి కావల్లమ్మా," అంది దేవకమ్మ.

"మిమ్మల్ని కాదమ్మా, ఆయప్పను అడగతా ఉండా."

రఘునాథ్ నవ్వాడు. "వాణ్ణి అడిగితే బోండాలంటాడు. రాసుకోండి మేడమ్."

చెంగల్రాయుడు ఫ్యాను వంక చూశాడు, టీచరు వంక చూశాడు.

"దువ్వెన," అన్నాడు.

నున్నటి గుండుకు దువ్వెన! రఘునాథ్ పడీ పడీ నవ్వాడు. చెంగల్రాయుడు తల తడుముకున్నాడు.

"జుట్టు కావల్ల. గుండొద్దు. ఎప్పుడూ గొరిగిస్తారు. నాకొద్దు."

నవ్వు ఆగిపోయింది. కొడుక్కు బుద్ధొచ్చేదాకా మూణ్ణెల్లకోసారి తిరుమలలో తలనీలాలిప్పిస్తానని దేవకమ్మ మొక్కుకుని ఇరవైతొమ్మిదేళ్లయింది. బుద్ధి రాలేదు గానీ గుండ్లు మాత్రం నూటపదహారు పూర్తయ్యాయి. మంగళకరమైన సంఖ్యే.

"సామి మొక్కురా అది! నోరు ముయ్యి!"

"మొక్కుకునింది ఎవురమ్మా?" అంది టీచరు.

"నేనే."

"జుట్టు ఎవురిది?"

అందరి జవాబులూ తెలిసిన దేవకమ్మ కొడుకు తల వంక చూసింది.

"సామికి కోపమొస్తే?" అన్నాడు రఘునాథ్. "దానికేమన్నా గడి ఉండాదా మేడమ్?"

లేదు. ఏడో గడిలో 'దువ్వెన' అని రాసి, దేవకమ్మ చేత సంతకం పెట్టించారు.

మూణ్ణెల్లకు ఒక శనివారం నూటపదిహేడో గుండు వంతు వచ్చింది. దేవకమ్మ కొడుకును ఇంట్లో వదిలి ఒక్కతే కొండెక్కింది.

మర్నాడు పొద్దున ఆమె తిరిగొచ్చేసరికి, అతను అంగుళమంత జుట్టును కొత్త దువ్వెనతో శ్రద్ధగా దువ్వుకుంటున్నాడు. ఆమె తలమీది కొంగు జారింది. గంధం పూసిన గుండు.

దువ్వెన చేతిలోంచి పడిపోయింది. అతను ఆమె తలను తడిమి చూశాడు.

"ఎవురమ్మా చేసింది? నిన్ను అడిగినారా?"